బుచ్చయ్య కట్టిన నరాల విల్లు

గరిడేపల్లి బుచ్చయ్య చేసిన విల్లుల గురించి మా వైపు చెప్పుకునే మాటల్లో సగం మీరు నమ్మనక్కర్లేదు. సూర్యాపేటలో అడిగితే, అక్కడ వదిలిన బాణం మిర్యాలగూడ సంతలో కల్లుకుండ పగలగొట్టిందంటారు. కోదాడ వాళ్ళు ఇంకో మెట్టు పైన. బాణం వదిలి, బీడీ కాల్చుకుని, తీరిగ్గా నడిచి వెళ్తే అది అప్పుడే కిందికి దిగుతూ కనిపించేదట. మఠంపల్లిలో అయితే కృష్ణ అవతలి ఒడ్డున మేస్తున్న అడవిపంది ఇవతలి ఒడ్డున కూరైన కథ ఒకటుంది. కాన్వెంటులో సిస్టర్లు అబద్ధమాడిన నోటిని సబ్బు పెట్టి కడిగేవారు. ఆ లెక్కన నా అంత శుభ్రమైన నోరు ఈ జిల్లాలో ఇంకెవరికీ లేదు కనుక, ఈ కథల్లో ఏవి ఎక్కడ పుట్టాయో మీరే ఊహించుకోండి.

కానీ బుచ్చయ్య కట్టిన ఒక విల్లు ఉంది. దాని మీద ఎవరూ కోతలు కోయరు, నేను కూడా.

బుచ్చయ్య ఇల్లు ఊరికి ఎడంగా ఉన్న వాడలో ఉండేది. తోలుపని చేసే కుటుంబం. చెప్పులు కుట్టడం, మోటకు తోలు తొండం కుట్టడం, ఎడ్లకు పట్టెడలు చేయడం వాళ్ళ పని. ఊళ్ళో ఏ పశువు చచ్చినా కబురు ముందు వాళ్ళ ఇంటికే వచ్చేది. తోలు వాళ్ళది. దానికి బదులు ఆ రైతుకు ఏడాది పొడుగునా చెప్పులూ వార్లూ ఇవ్వాలి. తండ్రి కాలంలోనే వాళ్ళు క్రైస్తవంలో కలిశారు. భార్య పేరు సారమ్మ. పిల్లలు పుట్టారు గానీ దక్కలేదు.

విల్లు చేయడం అతని తండ్రి మఠంపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున ఒక చెంచు మనిషి దగ్గర నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో తుపాకి దొరల ఇళ్ళలోనే ఉండేది. జొన్నచేలో పందిని తరిమేవాడికీ, మంద దగ్గర తోడేలును ఆపేవాడికీ విల్లే దిక్కు. తండ్రి దగ్గర ఆ పని అందుకున్న బుచ్చయ్య తడ చెట్టు కర్ర తెచ్చి నీడన ఆరబెట్టి చెక్కేవాడు. అయితే కర్ర వంగినప్పుడు లోపలివైపు నలుగుతుంది, బయటివైపు సాగుతుంది. నలగడానికి కర్ర ఒప్పుకుంటుంది. సాగడానికి ఒప్పుకోదు. బయటివైపు సన్నని పీచు ఒకటి లేచిందంటే ఏదో ఒకనాడు ఆ విల్లు లాగినవాడి మొహం మీదే ఫట్‌మని విరుగుతుంది. అందుకని బయటివైపు సాగే గుణమున్నది ఇంకోటి అతికించాలి. బుచ్చయ్య దాన్ని వీపు కట్టడం అనేవాడు. దేనితో వీపు కట్టాలన్నది విల్లును చూసి కాదు, దాన్ని మోసే మనిషిని చూసి తేల్చేవాడు.

ఒకసారి మోతె నుంచి వీరయ్య అనే పడుచువాడు జొన్నచేను కావలికి విల్లు కావాలని వచ్చాడు. బుచ్చయ్య తల ఎత్తకుండా చెప్పు కుడుతూనే అడిగాడు.

"ఏడ పండుకుంటది?"

"ఎవరు? నా పెండ్లామా?"

"నీ పెండ్లాం సంగతి నాకెందుకురా. విల్లు ఏడ పండుకుంటది అంటున్న."

"సూరుకు వేలాడేస్త."

"పొయ్యి మీది సూరా, వాకిలి సూరా?"

"పొయ్యి మీదిదే. ఉన్నదే ఒక్క సూరు."

"ఇంట్ల కుక్క ఉన్నదా?"

"కుక్కతోని ఏం పని? నేను విల్లు అడగొస్తిని, పిల్లను అడగరాలే!"

"పచ్చితోలుతోని వీపు కడితె, మూడొద్దులు మాంసం దొరకని కుక్క నీ విల్లును గుంజుకపోయి తింటది. అప్పుడు నా మీదికి కొట్లాటకొస్తవ్. నీకు వెదురు పెచ్చు కడ్త. పొగ తగిలినా ఏంగాదు, కుక్క ముట్టదు. జర బిర్రుగ ఉంటది, సలికాలంల పొద్దున్నే గట్టిగ గుంజకు."

అలా ఉండేది అతని బేరం. పచ్చితోలు గట్టిదే గానీ బరువు, బాణం నెమ్మదిగా పోతుంది. వెదురు పెచ్చు చలికి పెళుసవుతుంది. అన్నిటికంటే మేలైనది నరం. పశువు మూపురం నుంచి నడుము దాకా వెన్నుకు అటూ ఇటూ పరుచుకుని ఉండే తెల్లని నరాన్ని తీసి, ఆరబెట్టి, చెక్క సుత్తితో చితక్కొట్టి, పోగులుగా చీల్చి, తోలుముక్కలు ఉడికించిన సరేసు బంకలో ముంచి కర్రకు పొరలు పొరలుగా అతికించాలి. అది కట్టిన విల్లు విరగదు, అలసిపోదు. కానీ నరానికీ సరేసుకూ తడి పడదు. అందుకని వానలో తిరిగేవాళ్ళకు, ముఖ్యంగా గొర్రెల కాపర్లకు, గోగునార కట్టేవాడు. నారను లక్క, గుగ్గిలం, కాస్త ఆముదం కలిపి కాచిన బంకతో అతికించి, పైన దారం చుట్టేవాడు. ఆ విల్లు దూరం తక్కువ కొడుతుంది. ముసురులో వారం నానినా మాట తప్పదు.

ఆ కాపర్లలో లింగన్న ఒకడు. గొల్లవాడు, బుచ్చయ్య ఈడువాడే. ఊరి కళ్ళ ముందు లింగన్న బుచ్చయ్య ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగేవాడు కాదు. మందలు మేసే పొదల బీడు, కంచెలోకి పోతే మాత్రం ఇద్దరూ ఒకే తాటాకు డొప్పలో కల్లు తాగేవారు. ఊరికి ఈ సంగతి తెలుసు. ఊరికి తెలుసని వాళ్ళకూ తెలుసు.

వాళ్ళ స్నేహం ఒక దూడతో మొదలైంది. ఒక రైతు ఆవు చచ్చిందని కబురొస్తే బుచ్చయ్య కత్తి తీసుకుని వెళ్ళాడు. పుట్టి నాలుగు రోజులు కాని కోడెదూడ చచ్చిన తల్లి పొదుగును కుమ్ముతూ ఉంది. నల్లని నుదుటి మీద తెల్లని చుక్క. అది దక్కదు, తీసుకుపొమ్మన్నాడు రైతు. బుచ్చయ్య దూడను కట్టేసి, దానికి కనబడకుండా మొహం మీద తన తువ్వాలు కప్పి, తల్లి తోలు వలిచాడు. ఒక భుజాన తోలు, ఇంకో భుజాన దూడతో ఇంటికొచ్చాడు.

పాలు లేవు. వాడ పక్క చెలకలో మంద పెట్టుకుని ఉన్న లింగన్న దూడ అరుపు విని వచ్చాడు.

"ఏందిరా బుచ్చిగా, పొద్దటిసంది అది గొంతు సించుకుంటున్నది?"

"తల్లి సచ్చింది లింగన్నా. పాలు లేవు."

"గొర్రెపాలు పోస్త, పట్టు."

"గొర్రెపాలు దూడకు పడ్తయా?"

"పడకుంటె ఏమైతది? పెద్దయినంక బ్యా అంటది. అంతేగద."

అలా ఆ దూడ గొర్రెపాలతో బతికింది. సుక్కడు అని పేరు పెట్టారు. ఆదివారం వాకిట్లో ప్రార్థనకు అందరూ మోకరిస్తే సుక్కడు కూడా ముందరి మోకాళ్ళ మీద వంగేవాడని సారమ్మ వాడంతా చెప్పుకునేది. పశువు పడుకోబోయే ముందు మోకాళ్ళే మడుస్తుందని తెలియనివాళ్ళు ఆ వాడలో ఎవరూ లేరు. అయినా ఎవరూ ఆమెకు ఎదురు చెప్పలేదు.

సుక్కడు పెద్దవాడై బండికి కట్టే ఎద్దయ్యాడు. లింగన్న ఎప్పుడు ఎదురుపడ్డా ఒకటే మాట.

"సగం ఎద్దు నాదిరా. ముందటి సగం నీది, మేత నువ్వెయ్యి. ఎన్కటి సగం నాది, పెంట నాకు తోలు."

"పాలు నీవి, పెంట నీదే తీస్కపో. నడుమ తన్నులు నాకా?"

నవ్వుకునేవారు. సుక్కడు ఇద్దరి మాటా వినేవాడు. బుచ్చయ్య అదిలిస్తే నడిచేవాడు, లింగన్న ఈల వేస్తే ఆగేవాడు.

నలభై ఎనిమిదిలో శివరాత్రి వెళ్ళాక, సూర్యాపేటలో రజాకార్ల క్యాంపుకు ధాన్యం మోయాలని బుచ్చయ్య బండిని వెట్టికి పట్టుకుపోయారు. ఆ కాలంలో ఎవడు వచ్చి బండి కట్టమన్నా కట్టాల్సిందే. మోయగలిగినదానికి మించి మూటలు ఎత్తారు. దారిలో నీళ్ళకు ఆపనివ్వలేదు. సుక్కడు ధాన్యం దించే దాకా నిలబడ్డాడు. ఖాళీ బండితో ఇంటి వాకిట్లోకి వచ్చాక ముందరి మోకాళ్ళు మడిచాడు. సారమ్మ కుడితి తొట్టి తెచ్చేసరికి మెడ వాల్చేశాడు.

ఊరి పశువులన్నిటినీ కోసిన కత్తి చూరులో ఉంది. బుచ్చయ్య దాన్ని తీసుకుని ఎద్దు పక్కన కూర్చున్నాడు. అతని అన్నదమ్ములు వచ్చారు, చేయి వేద్దామని. అతను లేవలేదు, వాళ్ళను దగ్గరికి రానివ్వలేదు.

"బొంద పెడ్దామయ్యా," అంది సారమ్మ. "దాని మీద కత్తి పెట్టకు."

"ఎన్ని పెట్టలే ఈ చేతులతోని?"

"అవి ఊరోళ్ళయి."

"మొత్తం మన్నుల పెడితె ఇగ ఏం మిగుల్తదే మనకు?"

ఆమె లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

బుచ్చయ్య వెన్ను మీద ఒక్క గీత గీసి రెండు నరాలు తీశాడు. తోలు తియ్యలేదు. తెరిచిన చోటును చెప్పులు కుట్టే ఆరెతో, దారంతో మళ్ళీ కుట్టాడు. తోలుపని ఇంటివాడు తోలుతో సహా ఎద్దును పాతిపెట్టడం ఆ చుట్టుపక్కల ఎవరూ వినలేదు. "బుచ్చిగానికి మతి పోయింది, బంగారమసొంటి తోలు మన్నుల పెట్టిండు," అని అన్నదమ్ములే అన్నారు.

ఆ ఏడు తోడేళ్ళు పెరిగాయి. రజాకార్ల భయానికి జనం ఊళ్ళు విడిచిపోతుంటే, పాడుపడ్డ చేలలోకి అవి పట్టపగలే వచ్చేవి. లింగన్న పాత విల్లు విరిగిపోయింది. వానాకాలం గొర్రెలు ఈనే కాలం. చేతిలో ఏమీ లేకుండా పిల్లలతో ఉన్న మందను కంచెలోకి తోలడమంటే తోడేలుకు వడ్డించినట్టే. లింగన్నకూ అతని భార్య రాములమ్మకూ ఆ మంద తప్ప వేరే బతుకు లేదు. వానలు పడే లోపు గోగునార విల్లు ఒకటి కావాలని అతను బుచ్చయ్యను అడిగి ఉన్నాడు. నార కూడా చూరుకు సిద్ధంగా వేలాడుతోంది.

ఎండాకాలం మొదట్లో బుచ్చయ్య మంచి తడ కర్ర చెక్కాడు. ఒకనాడు సారమ్మ పొయ్యి మీద సరేసు ఉడుకుతున్న వాసన పట్టి బయటికి వచ్చింది. బుచ్చయ్య ఒళ్ళో కర్ర పెట్టుకుని, తెల్లని నరం పోగులను వేళ్ళతో దువ్వుతూ ఒక్కొక్కటే అతికిస్తున్నాడు.

"అది ఎవరి విల్లు?"

"లింగన్నది."

"నార ఉన్నది గదా సూరుకు! ముసుర్ల తిరిగే మనిషికి నరం కడ్తున్నవా? రేపెవడన్న నిన్ను అడిగితె నువ్వే తిడ్తవు గదయ్యా."

"సగం ఎద్దు వానిది. వానికి గాక ఇంకెవనికిస్త?"

"ఇయ్యకు. గోడకు తగిలించుకో."

"పని చేసిన ఎద్దే అది. గోడకు వేలాడి ఏం చేస్తది?"

సారమ్మకు అతని బాధ తెలుసు. ఆ నరం పనిలో ఉంటే సుక్కడు ఉన్నట్టే. దగ్గరివాడి చేతిలో ఉంటే ఇంకా ఉన్నట్టు. అయినా ఆమె నార కట్టను చూరు నుంచి తీసి అతని పక్కన పడేసి వెళ్ళింది. అది సాయంత్రం దాకా అక్కడే పడి ఉంది.

రోహిణి కార్తె ఎండలకు నరం బిగుసుకుని కర్రను ఎదురుదిక్కుకు వంచింది. అల్లెతాడు కట్టకముందే ఆ విల్లు పడుకున్న ఎద్దు వెన్నులాగా ఉంది. బుచ్చయ్య దాన్ని తీసుకుని కంచెకు వెళ్ళాడు. లింగన్న రాయి మీద కూర్చుని గొర్రె గిట్టలో ముల్లు తీస్తున్నాడు.

"గిదేంది? నేను నార అంటిని గద."

"పట్టి సూడు."

లింగన్న విల్లు వీపు మీద వేలు పెట్టి ఒక కొస నుంచి ఇంకో కొస దాకా నిమిరాడు. సగంలో ఆగాడు.

"ఎవరిదిరా నరం?"

బుచ్చయ్య గొర్రెల దిక్కు చూస్తున్నాడు.

"సుక్కనిదా?"

"ఆ."

లింగన్న ముల్లు పడేసి, చేతులు గొంగడికి తుడుచుకుని, విల్లును రెండు అరచేతుల్లో పట్టుకున్నాడు. అతను అలా పట్టుకోవడం బుచ్చయ్య చూడలేకపోయాడు. అలాంటప్పుడు అతనికి వచ్చే మాట ఎప్పుడూ రెండింతలు పెద్దదిగా ఉండేది.

"ఇగో, ఇను," అన్నాడు వేలు చూపిస్తూ. "దీని మీద ఒక్క బొట్టు వాన పడ్డదంటే మావోడు రెండోసారి సచ్చినట్టే. నీదే పూచీ. మళ్ళ నన్ను అడగొద్దు."

"ఒక్క బొట్టు పడనిస్తనా?" అన్నాడు లింగన్న.

వానలు మొదలయ్యాయి. ఆ విల్లుతో లింగన్న తోడేలును కొట్టాడు. తర్వాత ఇంకోదాన్ని. తోడేళ్ళు మందను విడిచి కోదాడ రోడ్డు దిక్కు పోయాయని చెప్పుకున్నారు. జల్లు పడితే లింగన్న అల్లెతాడు విప్పి, విల్లును నెత్తి మీంచి కప్పుకున్న గొంగడి కొప్పెర కింద పెట్టుకునేవాడు. ఎవరైనా విల్లు చూపించమంటే ముందు మొగులు దిక్కు చూసేవాడు. రాములమ్మ నవ్వేది. "కొత్త పెండ్లాన్ని తెచ్చుకున్నడు, ఎండ తగలద్దు, వాన తగలద్దు," అనేది.

ఉత్తర కార్తెలో ముసురు పట్టింది. అదే వారంలో యూనియన్ సైన్యం కోదాడ మీదుగా వచ్చింది. రోడ్డు మీద ఫిరంగి బండ్లు పోతున్నాయన్నారు, సూర్యాపేట దగ్గర మూసీ వంతెన పేల్చారన్నారు. జనం ఇళ్ళలోంచి బయటికి రాలేదు. లింగన్న మందతో కంచెలో ఉండగా వాగు పొంగింది. అవతలికి పోయే దారి లేదు, ఇవతలికి వచ్చే దారి లేదు. అప్పుడే ఈనిన పిల్లలను అతను వానకు నెత్తిన వేసుకునే తన తాటాకు గూడ కింద పెట్టాడు. తనకు గొంగడి ఒక్కటే మిగిలింది.

వాగు తగ్గాక నడుములోతు నీళ్ళలో దాటి మొదట వెళ్ళింది రాములమ్మ. పొద్దున్నే, ఇంకా తుంపర పడుతూనే ఉంది. మంద బతికి ఉంది. లింగన్న బండరాయి మీద ఒంటి మీద గోచి తప్ప ఏమీ లేకుండా, ఒళ్ళో గొంగడి చుట్టను పెట్టుకుని దాని మీదికి వంగి ఉన్నాడు. గొర్రెపిల్లకు చలి పెట్టిందని కప్పాడనుకుంది ఆమె. దగ్గరికి వెళ్ళి చుట్ట విప్పింది. మడత మీద మడత. లోపల విల్లు.

"నీ తలకాయ పాడుగాను, గిదా నువ్వు కప్పింది?"

"మొదలు కొప్పెర కిందనే పెట్టుకున్న," అన్నాడు లింగన్న. పళ్ళు కొట్టుకుంటున్నాయి. "కొసకు తడి తగుల్తున్నట్టనిపించింది. చుట్టి పెట్టిన. బుచ్చిగానికి మాటిచ్చిన గదా."

ఆమె గొంగడి అతనికి కప్పింది. అప్పటికే ఒళ్ళు కాలిపోతోంది.

బుచ్చయ్య బండి కట్టాడు. సుక్కడికి జోడైన కర్రి ఎద్దు ఒక్కటే ఉంది. ఒక రైతును బతిమాలి ఇంకో ఎద్దు తెచ్చాడు. జోడు కుదరలేదు. కాడి ఒక పక్కకు వాలిపోతోంది. సూర్యాపేట దారి మూసుకుపోయింది కనుక మిర్యాలగూడ దవాఖానకు బయలుదేరారు. నల్లరేగడి బురదలో చక్రాలు దిగబడిన చోటల్లా బుచ్చయ్య దిగి భుజం పెట్టి నెట్టాడు. రాములమ్మ లోపల భర్త తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. గొంగడి మడతలో విల్లు కూడా ఉంది. లింగన్న దాన్ని విడవలేదు.

ఒకచోట బండి ఆగినప్పుడు లింగన్న కళ్ళు తెరిచాడు.

"బుచ్చిగా."

"ఆ లింగన్నా."

"సుక్కడు ఉంటే ఈపాటికి మిర్యాలగూడల ఉందుము."

"ఉందుము."

"తడ్వలేరా. సూస్కో. ఒక్క బొట్టు పడలే."

బుచ్చయ్య బండి కొయ్య పట్టుకుని నిలబడిపోయాడు. బురద మోకాళ్ళ దాకా ఉంది.

"తడిస్తే ఏమైతుండె లింగన్నా," అన్నాడు. "మెత్తబడుతుండె. అంతే. ఊడదీసి, ఆరబెట్టి, మళ్ళ అతికిస్తుంటి. నరం యాడికి పోతది? నేను ఊకె అన్నరా. ఊకె అన్న మాట అది."

లింగన్న అతని మొహంలోకి చూశాడు. అర్థమైందో లేదో తెలియదు. పెదవుల మీద నవ్వులాంటిది వచ్చింది.

"ఎప్పుడూ అబద్ధాలే నీయి," అన్నాడు.

మళ్ళీ మాట్లాడలేదు. దవాఖానలో డాక్టరు ఛాతీకి గొట్టం పెట్టి విని, రెండు వైపులా నెమ్ము పట్టిందన్నాడు. సూది వేశారు, మందు తాగించారు. మర్నాడు తెల్లవారి లింగన్న లేవలేదు.

ఆ కుదరని జోడుతోనే అతన్ని వెనక్కి తెచ్చి, గొల్లవాళ్ళ పద్ధతిలో కంచె అంచున పాతిపెట్టారు. బుచ్చయ్య దూరంగా నిలబడ్డాడు. దగ్గరికి రమ్మని ఎవరూ పిలవలేదు, రావద్దని కూడా అనలేదు. మట్టి పోయడం అయ్యాక రాములమ్మే అతని దగ్గరికి వచ్చి విల్లు చేతికిచ్చింది.

"మీ ఎద్దు అన్నా," అంది. "దాస్కో."

ఆ మాటలో కోపం లేదు. కోపంగా అని ఉంటే బుచ్చయ్యకు కొంత తేలిక అయ్యేదేమో. విల్లు మీద చేయి పెట్టి చూశాడు. ఎండాకాలంలో తను ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలానే ఉంది. ఎక్కడా తడి లేదు.

ఇంటికి వచ్చి సారమ్మను నీళ్ళు అడిగాడు. ఆమె ముంత తెచ్చింది. ముంత కాదు, కుడితి తొట్టి నిండా కావాలన్నాడు. ఆమె మోసి తెచ్చింది. సుక్కడు తాగిన తొట్టే అది. బుచ్చయ్య అల్లెతాడు విప్పి, విల్లును వీపు కిందికి వచ్చేలా నీళ్ళలో పెట్టి, తేలకుండా చేత్తో అదిమి పట్టుకున్నాడు. పొద్దు నడినెత్తి దాటింది. సరేసు మెత్తబడి నీళ్ళు తెల్లబడ్డాయి. నరం పోగులు ఒక్కొక్కటే కర్రను విడిచాయి. చెక్కుచెదరలేదు. నీడన ఆరబెడితే మళ్ళీ పనికొచ్చేవే. తను బండి దగ్గర చెప్పింది నిజమేనని చేతులారా చూసుకున్నాడు.

"ఆరబెట్టనా?" అంది సారమ్మ నెమ్మదిగా.

"వద్దు."

తడి నరాలను తువ్వాలులో చుట్టుకుని కంచెకు వెళ్ళి, లింగన్న మీద పేర్చిన రాళ్ళలో రెండు పక్కకు జరిపి, కింద పెట్టి, రాళ్ళు మళ్ళీ సర్దాడు. తిరిగొచ్చేసరికి సారమ్మ గోగునార దువ్వి పెట్టింది. పొయ్యి మీద లక్కా గుగ్గిలమూ కరుగుతున్నాయి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఆమె పోగులు అందిస్తుంటే అతను అదే కర్రకు అతికించాడు. ఆ తర్వాత అతను బతికినన్నాళ్ళూ ఎవరడిగినా నరం కట్టలేదు. ఎందుకని అడిగితే, "నారే మంచిది," అనేవాడు. అంతకంటే పెద్ద మాట అతని నోట రాలేదు. పెద్ద మాటలు అతను మానేశాడు.

బంక ఆరాక విల్లును రాములమ్మకు ఇచ్చాడు. మంద ఇప్పుడు ఆమెదే. చేతికి తీసుకుని ఆమె వెనక్కి ముందుకి తిప్పి చూసింది. వీపు మీద గోధుమరంగు నార, దాని మీద దారం చుట్లు.

"తడిస్తే ఏమన్న అయితదా అన్నా?"

"ఏంగాదు చెల్లె. తడ్వనియ్యి. గొంగడి నువ్వు కప్పుకో."

"నిజంగ?"

అతను వాకిట్లో ఉన్న ముంత తీసుకుని ఆమె చేతిలోని విల్లు మీద నీళ్ళు కుమ్మరించాడు. నీళ్ళు దారం మీద నుంచి జారి కింద పడ్డాయి. అల్లెతాడు లాగి చూపించాడు. ఆమె తల ఊపింది.

ఆ తర్వాత ముసురు పట్టిన రోజుల్లో బుచ్చయ్య చేతిలో పని పక్కన పెట్టి కంచె దిక్కు నడిచేవాడు. వాగు ఇవతలి గట్టు మీద నిలబడి చూసేవాడు. అవతల గొర్రెల వెనక రాములమ్మ నడుస్తూ ఉండేది. గొంగడి కొప్పెర ఆమె నెత్తి మీద ఉందా, విల్లు ఆమె భుజాన బయట వేలాడుతూ తడుస్తోందా, ఈ రెండూ చూసుకునేవాడు. పిలిచేవాడు కాదు. ఆమె వెనక్కి తిరగక ముందే ఇంటికి వచ్చేసేవాడు.